చీర వద్దు, కుర్చీ వేయించండి: తిరుపతి, చిత్తూరు అధికారులకు, వ్యాపార సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను తిరుపతిలో ఒక బట్టల షాపులో చీరల కౌంటర్ దగ్గర 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. పేరు రాయడం లేదు. రాస్తే రేపటి నుంచి పని ఉండదు, నాకే కాదు, నాతో పాటు సంతకాలు పెట్టినవాళ్లకు కూడా. మీరు చేసిన మంచిని కాదనను. 2025 ఆగస్టు 15 నుంచి బస్సు చార్జీ లేకుండా పనికి వస్తున్నాం, ఆ మిగిలిన డబ్బు ఇంట్లో పాలకూ గ్యాసుకూ పనికొస్తోంది. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

జనవరిలో మేం 23 మంది ఆడవాళ్లం కలిసి, పనిచోట కూర్చోవడానికి కుర్చీల లాంటి వసతులు కావాలని ఒక అర్జీ రాశాం. బట్టల షాపుల్లో, ఫ్యాన్సీ షాపుల్లో, ఒక హోటల్లో పనిచేసేవాళ్లం. ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజు, అందరం సెలవు పెట్టలేం కాబట్టి నలుగురం జీతం కోయించుకుని వెళ్లి ఒక కార్యాలయంలో ఇచ్చాం. రసీదు ఇచ్చారు. ఐదు వారాల తర్వాత ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఎవరూ మా షాపులకు రాలేదు, ఎవరూ మాతో మాట్లాడలేదు, ఒక్క కుర్చీ కూడా పడలేదు.

తర్వాత మార్చి 8న మహిళా దినోత్సవ సభ అని, షాపుకు ఇద్దరు ముగ్గురిని పంపమన్నారట, మా ఫ్లోర్ ఇన్‌ఛార్జి నన్నూ ఇంకో ఇద్దరినీ పంపించాడు. ముగ్గుల పోటీ జరిగింది. వేదిక మీద 11 కుర్చీలు, అందులో 8 మంది మగవాళ్లు. ఆడది ఓర్పుకు మారుపేరు అన్నారు, ఆడది లేనిదే ఇల్లే లేదన్నారు. రోడ్లు ఊడ్చే అక్కలు చివరి వరసలో కూర్చున్నారు, ఆ రోజు కూడా తెల్లారి నాలుగింటికి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు, ఒకామె కూర్చున్నచోటే నిద్రపోయింది. మధ్యాహ్నం రెండు దాటాక శాలువా కప్పి చీర పెట్టారు. నేను మైక్ అడిగాను. రెండు నిమిషాలు చాలన్నాను. "ఈ రోజు పండగ కదమ్మా, సమస్యలు సోమవారం చెప్పుకోండి" అన్నారు. సోమవారం చెప్పిన సమస్యే అది. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆడవాళ్లు అడిగేది కాలంతో పాటు మారుతూ వచ్చింది. స్త్రీవాదం అంటే ఒకే పాట కాదు, తరానికో మాట చేరుతూ వచ్చింది. మీ సభలు మాత్రం మమ్మల్ని పొగిడి పంపించేదగ్గరే ఆగిపోయినాయి. ఇది కోపంతో రాయడం లేదు, మా ఇంట్లో నాలుగు తరాలు చూశాక రాస్తున్నాను.

ముందు మన తరిగొండ వెంగమాంబ సంగతి. 1730లో పుట్టింది. చిన్నప్పుడే భర్త పోతే గుండు చేయించుకోనని ఎదురు తిరిగిందని మన వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి ఊరు విడిచి కొండకు చేరింది. ఈ రోజు తిరుమలలో వేలమంది భోజనం చేసే అన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి ఎదురు తిరగాలంటే ఒంటరిగా తిరగాల్సిందే. సంఘం లేదు, పత్రిక లేదు, చట్టం లేదు. ఆమె పుట్టిన నూటయాభై ఏళ్లకు, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించారు. గొప్ప పని, కానీ అప్పుడు సభల్లో మాట్లాడింది ఎక్కువగా మగవాళ్లే, ఆడవాళ్ల తరఫున. చదువు వచ్చాకే ఆడవాళ్లు తమ మాట తాము చెప్పుకోగలిగారు. రచయిత్రి భండారు అచ్చమాంబ 1902లో బందరులో స్త్రీ సమాజం పెట్టారు. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది, మన చిత్తూరు జిల్లా అప్పుడు అందులోదే. అదీ ఆస్తి ఉన్నవాళ్లకే, కాబట్టి మా అవ్వవాళ్ల అమ్మకు వచ్చి ఉండదు.

మా అవ్వకు 1952లో పెళ్లయింది, అప్పుడు ఆమెకు 12 ఏళ్లు. అమ్మాయికి 14 నిండాలని శారదా చట్టం 1929లోనే వచ్చింది. మా ఊళ్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు, తెలిసినా ఆగేవాళ్లు కాదు. మా అమ్మకు 1978లో పెళ్లి, 16 ఏళ్లకు. అదే ఏడాది ప్రభుత్వం ఆ వయసును 18కి పెంచింది. అదే 1978లో హైదరాబాదులో, పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైన రమీజాబీ కోసం జనం రోడ్ల మీదికొచ్చారు, ఆ తర్వాత మధుర అనే గిరిజన అమ్మాయి మీద పోలీస్ స్టేషన్లో జరిగిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేశాక దేశమంతా ఆడవాళ్ల సంఘాలు లేచినాయి, 1983లో అత్యాచారం చట్టమే మారింది. అప్పటిదాకా ఇంటి గడప లోపల మాట అనుకున్నది వీధిలోకి, కోర్టులోకి వచ్చింది. మన తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టిందీ ఆ 1983లోనే.

ఎన్టీఆర్ ప్రభుత్వం కూతురికీ కొడుకుతో సమానంగా పిత్రార్జితంలో వాటా ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. దేశమంతటా అది రావడానికి 2005 దాకా పట్టింది. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు ఆ చట్టం వర్తించలేదు కాబట్టి మా అమ్మకు రాలేదు. నాకు వచ్చింది. వచ్చిన హక్కును నేనే 2011లో సంతకం పెట్టి వదిలేశాను. నాన్న పోయాక మా అన్న, "రెండెకరాలకు గొడవెందుకు మ్మే, పుట్టింటికి రాకపోకలు ఉండాల కదా" అన్నాడు. సంతకం అయినాక వదిన చీర, పసుపు కుంకుమ పెట్టింది. మా అన్న చెడ్డవాడు కాదు, వదిన ప్రేమగానే పెట్టింది. కానీ మార్చి 8న మీరు శాలువా కప్పి చేతిలో చీర పెడుతుంటే నాకు ఆ చీరే కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు కూడా అడగాల్సింది అడగకుండా చీర తీసుకుని ఇంటికొచ్చాను.

మా అమ్మ కథ వేరు. 1991, 92 ప్రాంతాల్లో ఆమె రాత్రిబడికి పోయి వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కబురు మా వైపు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు, మా ఊరు శ్రీకాళహస్తి పక్కనే. నాకప్పుడు పదేళ్లు. అమ్మ, ఇంకో ముప్పై మంది చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా ప్యాకెట్ల జీపుకు అడ్డం నిలబడటం నేను కళ్లారా చూశాను. మా నాన్న ఆ జీపు కోసం ఎదురుచూసేవాళ్లలో ఒకడు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధించారు. ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు, గ్రూపు, బ్యాంకుకు పోయి మేనేజరు ఎదురుగా కూర్చోవడం. అమ్మకు స్త్రీవాదం అన్న మాట అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అయినా ఆ మాటకు మన జిల్లాల్లో ప్రాణం పోసింది అలాంటివాళ్లే అని నా నమ్మకం. పట్నంలో చదువుకున్న ఆడవాళ్లు రాసిన కవితలూ వ్యాసాలూ ఎంత పని చేశాయో, అక్షరం కొత్తగా నేర్చుకున్న పల్లె ఆడవాళ్ల చీపురూ అంతే పని చేసింది. అదే 1990ల్లో దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు ముందుకొచ్చి, మీరు ఆడవాళ్లందరూ ఒకటే అంటున్నారు, మరి మా కష్టం మీ లెక్కలో ఎక్కడుంది అని నిలదీశారు. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. మీ సభలో చివరి వరస చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు నా కూతురు డిగ్రీ చదువుతోంది. 2018లో మన దేశంలో మీటూ, అంటే ఆడవాళ్లు తమకు జరిగిన లైంగిక వేధింపులను బయటపెట్టిన ఉద్యమం, వచ్చినప్పుడు నా కూతురికి 13 ఏళ్లు, ఫోనులో చదివి నన్ను అడిగింది, "అమ్మా, మీ షాపులో ఎవరైనా అట్ల చేస్తే ఎవరికి చెప్తావు?" అని. నా దగ్గర జవాబు లేదు. అన్నం తిన్నాక ప్లేటు నేనెందుకు కడగాల, తమ్ముడు ఎందుకు కడగడు అని అడిగేదీ అదే. మా ఆయన ఆటో నడుపుతాడు. 2020లో కరోనాకు దర్శనాలు ఆగిపోయి, మళ్లీ మొదలైనా భక్తులు సరిగా రాక ఆటో ఇంటి ముందే నిలబడిపోయినప్పుడు, షాపు తెరిచాక నా జీతం మీదే ఇల్లు గడిచింది. ఆయన అప్పుడు వంట మొదలుపెట్టాడు, ఇప్పటికీ పొద్దున సంగటి, చట్నీ ఆయనే చేస్తాడు. ఆయన తగ్గిపోయిందీ లేదు, నేను నెత్తికెక్కిందీ లేదు. స్త్రీవాదం అంటే మగవాళ్ల మీద కక్ష అనుకునేవాళ్లకు ఈ ఒక్క మాట చెప్పాలనిపించి రాశాను.

అవ్వ కాలంలో పసిపిల్లకు పెళ్లి చేయొద్దన్నారు. అమ్మ కాలంలో సారా వద్దు, చేతికి కాస్త డబ్బు ఉండాలన్నారు. నా కాలంలో ఆడవాళ్లు ఇల్లు దాటి పనికి వచ్చారు, రాక తప్పలేదు కూడా, ఒక్క జీతంతో తిరుపతిలో అద్దె కట్టి పిల్లల్ని చదివించడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఇప్పుడు మేం అడిగేది మా పనిచోటు గురించి. సభలో చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ వరసగా చెబుతాను.

1. కూర్చోవడం. మా షాపు పొద్దున 10కి తెరుస్తారు, రాత్రి 9:30కి మూస్తారు. మధ్యలో తిండికి అరగంట. మిగిలిన 11 గంటలు నిలబడే ఉండాలి. కస్టమర్ లేకపోయినా కూర్చోకూడదు, గోడకు ఆనుకోకూడదు, సీసీ కెమెరాలో కనబడితే ఇన్‌ఛార్జికి ఫోను వస్తుంది. "కూచునేదానికి వచ్చినావా, పని చేసేదానికి వచ్చినావా?" అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ముహూర్తాల సీజన్లో, ఆషాఢం తగ్గింపుల్లో, దసరాకు, ఒక్కో రోజు రెండు మూడు వందల చీరలు విప్పి చూపించి మళ్లీ మడతపెడతాం. ఫలితం ఏమిటంటే, మా కౌంటర్లో 9 మందిలో ఐదుగురికి కాళ్ల నరాలు ఉబ్బి నల్లగా తాళ్లలాగా కనబడతాయి. నాకు కూడా. డాక్టరు ఎక్కువసేపు నిలబడొద్దంటారు, మందులు రాస్తారు, మరుసటి రోజు మళ్లీ 11 గంటలు. గర్భంతో ఉన్న ఒక పిల్ల ఏడో నెల దాకా నిలబడి చేసింది, ఒక మధ్యాహ్నం కౌంటర్ మీద కళ్లు తిరిగి పడిపోయింది. బిడ్డకు ఏమీ కాలేదు, దేవుడి దయ. ఆ పిల్ల తిరిగి పనికి రాలేదు.

ఇది తీరని సమస్య కాదు. కోళికోడ్‌లో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, ముందు మరుగుదొడ్డి కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే కేరళ ప్రభుత్వం 2018లో షాపుల చట్టాన్ని మార్చింది. 2021లో తమిళనాడు కూడా షాపుల్లో ప్రతి ఒక్కరికీ కూర్చునే వసతి ఉండాలని చట్టం చేసింది. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. ఆ గంట దూరంలో ఉన్న షాపులో నాలాంటి ఆడమనిషికి చట్టం కుర్చీ ఇచ్చింది. ఫ్యాక్టరీల్లో అయితే నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. మన షాపులకూ అలాంటి నియమం స్పష్టంగా రాయించండి. అది వచ్చేలోపు, లేబర్ అధికారులూ వ్యాపార సంఘాల పెద్దలూ కలిసి కూర్చుని కౌంటర్‌కు రెండు స్టూళ్లు వేయించడానికి ఏ చట్టమూ అడ్డం రాదు. మగ సేల్స్‌మెన్ కాళ్లు కూడా కాళ్లే, వాళ్లకూ వేయించండి.

2. మరుగుదొడ్డి. మా షాపులో పనిచేసే ఆడవాళ్లు 40 మందికి పైగా. మాకు ఒక్కటే మరుగుదొడ్డి, సెల్లార్లో, జనరేటర్ పక్కన. మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి పోవాలి, లిఫ్ట్ కస్టమర్లకు. పోయేముందు ఇన్‌ఛార్జికి చెప్పాలి, పది నిమిషాలు దాటితే అడుగుతారు. అందుకని మేం నీళ్లు తాగం. తిరుపతి ఎండల్లో, మే నెలలో, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక్క సీసా నీళ్లతో నెట్టుకొచ్చే ఆడవాళ్లు ఈ బజారులో ఎంతమంది ఉన్నారో ఒక్కసారి అడిగి చూడండి. యూరిన్ ఇన్‌ఫెక్షన్ రాని మనిషి మాలో లేదు. బయట ఉన్నప్పుడు ఆ నొప్పి గురించి చెప్పుకోవడానికి సిగ్గు, ఆ సిగ్గే ఇన్నాళ్లూ షాపులవాళ్లకు కలిసొచ్చింది. నెలసరి రోజుల సంగతి రాయాల్సిన పని లేదనుకుంటాను, మీ ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు. అంతస్తుకో మరుగుదొడ్డి, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట, లోపలి గడియ. అంతే అడుగుతున్నాం. లైసెన్సు ఇచ్చేటప్పుడూ రెన్యువల్ చేసేటప్పుడూ ఇవి ఉన్నాయో లేవో చూడండి.

3. కమిటీ. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే ఆమె, బాల్యవివాహం ఆపబోయినందుకు సామూహిక అత్యాచారానికి గురైంది. ప్రభుత్వ పనిలో ఉండగా జరిగింది. ఆ కేసు పట్టుకుని ఆడవాళ్ల సంఘాలు సుప్రీంకోర్టుకు పోతే పనిచోట లైంగిక వేధింపులు ఆపడానికి 1997లో, కేసు వేసిన విశాఖ అనే సంఘం పేరుతో, విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి, 2013లో చట్టం వచ్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక ఆడమనిషి అధ్యక్షురాలుగా ఉండాలి, సభ్యుల్లో సగమన్నా ఆడవాళ్లు ఉండాలి, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగించాలి. కమిటీ పెట్టని యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా. పది మంది కంటే తక్కువ ఉన్నచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు ఉంటే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి పోవచ్చు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కూడా.

ఇదంతా నాకు మా అమ్మాయి చదివి చెప్పింది. 14 ఏళ్లలో మా షాపు గోడ మీద ఈ చట్టం గురించి ఒక్క కాగితం నేను చూడలేదు. గోడౌన్లో స్టాకు తీసేటప్పుడు మీద చెయ్యి వేసిన మనిషి గురించి మాలో ఒక పిల్ల చెప్పుకుంటే, ఆ పిల్లనే ఇంకో బ్రాంచికి మార్చారు. వాళ్ల నాన్న "ఇంక పనికి పోవద్దు" అన్నాడు. ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. వేధింపు జరిగితే పని పోయేది ఎవరికో మా అందరికీ ఆ రోజు తెలిసిపోయింది, అందుకే తర్వాత ఎవరూ నోరు తెరవలేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి తిరుపతి వేరయింది, చిత్తూరు వేరయింది. రెండు జిల్లాల్లోనూ స్థానిక కమిటీలో ఎవరున్నారు, ఎక్కడ కూర్చుంటారు, ఏ ఫోను నంబరుకు చేయాలి? ఇది బస్టాండులో, బజారులో, ప్రతి షాపు స్టాఫ్ గదిలో తెలుగులో రాసి అంటించండి. జిల్లా అధికారులను నియమించి ఈ కమిటీలు వేయాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఆడవాళ్ల మీద చెయ్యి వేసిన పాలెగాడిని వెతికి వెతికి చంపిన గంగమ్మకు మే నెలలో జాతర చేసే ఊరు మనది. మగవాళ్లు చీర కట్టి, గాజులు వేసి, పేరంటాళ్ల వేషంలో ఆమె గుడికి పోతారు. ఆ భక్తి మీద నాకు గౌరవం ఉంది, మా ఆయనా మొక్కు తీర్చుకున్నాడు. ఆ ఊళ్లోనే ఒక పిల్ల ఎవరికి చెప్పుకోవాలో తెలియక పని మానేసిందని మీరు తెలుసుకోవాలి.

4. రాత్రి ఇంటికి చేరడం. 9:30కి షాపు మూస్తే లెక్కలు చూసి, స్టాకు సర్ది, బ్యాగు చెక్ చేయించుకుని బయటపడేసరికి పది. మాలో రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు, వడమాలపేట వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లున్నారు. ఆ వేళకు పల్లె బస్సు ఉండదు. ఉచిత బస్సు పగలు ఉంది, రాత్రి ఆటోకు 80, 100 రూపాయలు పోతాయి, పొద్దున మిగిలింది రాత్రి ఖర్చయిపోతుంది. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం పని గంటలు 9 నుంచి 10కి పెంచడానికి, ఆడవాళ్లు రాత్రి షిఫ్టుల్లో పనిచేయడానికి వీలిచ్చే మార్పులకు ఒప్పుకుంది. రాత్రి పని చేయకూడదని ఆడవాళ్లను ఆపడం తప్పే, నేనూ ఒప్పుకుంటాను, ఆ అడ్డు పోవడం కూడా ఈ పోరాటంలో భాగమే. కానీ ఆడవాళ్ల ఒప్పుదల, రవాణా, రక్షణ ఉంటేనే అన్నారు కదా, ఆ మాట నిలబెట్టండి. రాత్రి 10:15కి ఈ దారుల్లో ఒక్కో బస్సు వేయండి చాలు.

5. జీతం. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లో వచ్చింది. నాతో పాటే చేరిన మగ సేల్స్‌మన్‌కు నాకంటే నెలకు 3,500 ఎక్కువ. కారణం అడిగితే "ఆయనకు సంసారం ఉంది" అన్నారు. నాకూ ఉంది.

6. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. మా చిన్నమ్మ కూతురు సీజన్లో అక్కడికి పోతుంది. రెండు మూడు నెలల పని, తడి నేల మీద నిలబడి తోతాపురి కాయలు ఏరడం, కోయడం, సొన తగిలి చేతులు పొక్కుతాయి. గ్లౌజులు మొదటి వారం ఇస్తారు, చిరిగితే మళ్లీ ఇవ్వరు. సీజన్ అయిపోతే ఆ పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు, కాబట్టి ఈఎస్‌ఐ లేదు, పీఎఫ్ లేదు. రైతుకు గిట్టుబాటు ధర రాలేదని మీటింగులు పెడతారు, పెట్టాల్సిందే. ఆ కాయ కోసిన చేతుల గురించి కూడా ఒక మీటింగు పెట్టండి, సీజన్ మొదలయ్యేలోపే పెట్టండి.

7. మార్చి 8. ఆ రోజు పుట్టిందే పనిచేసే ఆడవాళ్ల కోసం. 1910లో కోపెన్‌హాగన్‌లో క్లారా జెట్కిన్ అనే ఆమె ఆడవాళ్లకు ఒక రోజు కావాలని ప్రతిపాదించింది. 1917లో మార్చి 8నే రష్యాలో పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కావాలని పని ఆపి వీధిలోకి వచ్చారు. ఐక్యరాజ్యసమితి దాన్ని జరపడం మొదలుపెట్టింది 1975లో. బట్టల మిల్లు ఆడవాళ్ల రోజున బట్టల షాపు ఆడమనిషికి మైక్ ఇవ్వకపోవడం న్యాయం కాదు. వచ్చే మార్చి 8న ముగ్గుల పోటీ పెట్టుకోండి, ముగ్గు మాకూ ఇష్టమే. కానీ వేదిక మీద సగం కుర్చీలు పనిచేసే ఆడవాళ్లకు వేయండి, రోడ్లు ఊడ్చే అక్కను ముందు వరసకు పిలవండి, ఏడాదిలో ఎన్ని షాపులు తనిఖీ చేశారు, ఎన్ని కమిటీలు వేయించారు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు, ఈ నాలుగు లెక్కలు మైక్‌లో చదవండి. చీరలకూ శాలువాలకూ అయ్యే డబ్బుతో స్టూళ్లు కొనవచ్చు.

ఇవి కార్మికుల సమస్యలు, స్త్రీవాదం ఎందుకు మధ్యలో అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. నిలబడటం మగవాళ్లకూ కష్టమే, ఒప్పుకుంటాను. కానీ నీళ్లు తాగకుండా ఉండాల్సిన పని వాళ్లకు లేదు, చెయ్యి వేశారని చెప్పినందుకు ఉద్యోగం పోయే భయం లేదు, రాత్రి పదిన్నరకు ఇంటికి పోతే వీధిలో ఎవరూ ఏమీ అనుకోరు. మా పనిలో కార్మికుల కష్టం, ఆడవాళ్ల కష్టం రెండూ కలిసిపోయి ఉన్నాయి, విడదీసి ఒకటే తీర్చడం కుదరదు.

వ్యాపార సంఘాల పెద్దలకు ఒక్క మాట. మీ షాపు నడిచేది మా కాళ్ల మీద. 14 ఏళ్లలో ఒక్క చీర పోనివ్వలేదు, ఒక్క కస్టమర్‌తో గొడవపడలేదు, పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు తర్వాత సీమంతానికి కూడా నా కౌంటర్‌కే వస్తారు. మీ నష్టం కోరేవాళ్లం కాదు.

ఈ లేఖ బయటికొచ్చిన 30 రోజుల్లో మూడు పనులు చూడాలని అడుగుతున్నాం. మా అర్జీ పరిష్కారమైందని ఎవరు, ఏం చూసి రాశారో రాతపూర్వకంగా చెప్పాలి, ఆ అర్జీని మళ్లీ తెరవాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల స్థానిక కమిటీల వివరాలు తెలుగులో ప్రకటించాలి. షాపుల్లో కుర్చీలు, మరుగుదొడ్ల మీద ఒక తనిఖీ జరగాలి, ముందుగా ఓనరుకు చెప్పకుండా, పనిచేసేవాళ్లతో విడిగా మాట్లాడి.

మాతో మాట్లాడాలనుకుంటే సభ అవసరం లేదు. ఏ రోజైనా రాత్రి 10 తర్వాత పిలవండి, 23 మందిమీ వస్తాం. పగలే రావాలంటే ఆ రోజు జీతం కోయొద్దని మా ఓనర్లకు ఒక కాగితం రాసి పంపండి. అర్జీ నకలు, రసీదు, ఆ మెసేజ్ మా దగ్గర భద్రంగా ఉన్నాయి, తెస్తాం.

ఇట్లు,
చీరల కౌంటర్ దగ్గర పనిచేసే ఒక ఆడమనిషి, మిగిలిన 22 మంది తరఫున
తిరుపతి